అత్తగారి పాటల సీడీ
"అత్తయ్య పాటల సీడీ వినిపించమంటే పొద్దున్నుంచి ఆ లినక్స్ కంప్యూటర్‌తో కుస్తీ పడుతున్నారు. మా అన్నయ్యయితే ఈపాటికి నాలుగు కాపీలు తీసి పంచేసేవాడు," అంది కోడలు.

"డిస్కు తిరుగుతోంది. కానీ నాకు అనుమతి లేదంటోంది," అన్నాడు భర్త.

"ఇంట్లో మీ మాట చెల్లదని దానికీ తెలిసిపోయినట్టుంది."

అత్తగారు పక్కనే కుర్చీలో కూర్చునుంది.

అతను ఇంకో కమాండు కొట్టి అనుమతి తెచ్చుకున్నాడు. అయినా చప్పుడు లేదు. తీరా చూస్తే సౌండు మ్యూట్‌లో ఉంది.

"తెలివి తెల్లారినట్టే ఉంది," అంది కోడలు.

మ్యూట్ తీయగానే, ఎప్పుడో ఇంట్లోనే రికార్డు చేసిన అత్తగారి పాట గది నిండా పరుచుకుంది. రెండో చరణంలో ఇంకో గొంతు అడ్డొచ్చింది. "ఇక చాలత్తయ్యా, చెవులు చిల్లులు పడుతున్నాయి."

కోడలు తన గొంతు పోల్చుకుంది.

"కాపీలో ఆ ముక్క తీసేయనా అమ్మా?"

"ఉండనీరా," అంది అత్తగారు. "నేను పాడటం మానేసింది ఆ మాటతోనే."