మాంసం ముట్టని వేటగాడు

“అంకుల్, ఇక్కడ లిమిట్ వంద. మీరు అరవై కూడా దాటట్లేదు,” అంది నిఖిల. వెనక ట్రక్కువాడు మళ్ళీ హారన్ మోగించాడు.

“తొందరున్నవాణ్ణి ముందుకెళ్ళమను. మీటింగు రెండింటికేగా, పావు తక్కువకే అక్కడుంటాం,” అన్నాడు హేమచంద్ర, రోడ్డు పక్క పొదల మీంచి చూపు మరల్చకుండానే.

వేటగాడి కన్ను ఊరుకోదు కదా అనుకుంది నిఖిల.

కెనడాలోని సస్కటూన్‌లో ఆమె చదువంతా తోడేళ్ళ గురించే. ఉత్తరాన అడవుల్లోంచి అవి మళ్ళీ పొలాల వైపు దిగివస్తున్నాయి. దాని గురించి వేటగాళ్ళు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి రెండేళ్ళలో నలభైమందిని కలిసింది. ముప్పై తొమ్మిది మంది ఒకటే పాట పాడారు. తోడేళ్ళొచ్చాయి, దుప్పులు పోయాయి అని. గొంతు కలపనివాడు హేమచంద్ర ఒక్కడే.

ఆయన కోడిగుడ్డు కూడా తినడు. పొటాష్ గనిలో ఇంజనీరుగా రిటైరైన ఏడాదే భార్య పోయింది. ఆ తర్వాత ఆయన కొత్తగా నేర్చుకున్నవి రెండే, వంట, వేట. పొద్దుపోక అనుకున్నారు తెలిసినవాళ్ళు. ఏటా నవంబరు మంచులో కూర్చుని, లైసెన్సు ఎన్నింటికి ఇస్తే అన్ని దుప్పుల్నీ కొట్టి, మాంసమంతా ఫుడ్ బ్యాంకుకి ఇచ్చేస్తాడు. ఒక్క ముక్క ఇంటికి తేడు. మడి కట్టుకున్న వేటగాడని తెలుగువాళ్ళు చాటున నవ్వుకుంటారు. ఎదురుగా మాత్రం నవ్వరు, చేతిలో రైఫిల్ ఉంటుంది మరి.

ఈరోజు వేటగాళ్ళ క్లబ్బులో తీర్మానం. అది నెగ్గి ప్రభుత్వం ఒప్పుకుంటే ఈ చలికాలమే తోడేళ్ళకు ఉచ్చులు పడతాయి. కూనలుగా ఉన్నప్పటి నుంచి నిఖిల కెమెరాల్లో చూస్తున్న ఏడు తోడేళ్ళు ఆ పక్కనే తిరుగుతున్నాయి. థీసిస్ పోతే ఇంకోటి రాసుకోవచ్చు, ఆ ఏడూ పోతే ఎక్కణ్ణించి తెస్తుంది? ఆమె మెంబరు కాదు, మాట్లాడే హక్కు లేదు.

“గట్టిగా మాట్లాడతారు కదా అంకుల్?”

“అందుకేగా వస్తున్నాను.”

హాల్లో కొమరయ్య ఎదురొచ్చాడు. కరీంనగర్ నుంచి వచ్చి ఇక్కడ కాంక్రీటు పనులు చేయిస్తుంటాడు. తీర్మానం పెట్టిందీ ఆయనే.

“హేమన్నా, నువ్వన్నా చెప్పు ఈ పిల్లకు. పోయిన సాల్ ఆరు దుప్పులు జూసిన. ఈ సాల్ ఒక్కటి గానొస్తలేదు. గా తోడేళ్ళు ఉంటే రేపు మన పిల్లలకు వేట ఉంటదా?”

“తోడేళ్ళ వల్లే తగ్గాయంటావా కొమరయ్యా? నిజంగా?”

“మరి ఎవలవల్ల? చెట్లల్లకెళ్ళి బయటకే వస్తలేవు. రోడ్డు పక్కపొంటి గడ్డి కూడా మేస్తలేవు, అంత భయం పట్టింది.”

“అయితే మంచిదే,” అన్నాడు హేమచంద్ర.

నిఖిల ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

“అంకుల్, మొదటికే మోసం తెస్తున్నారు! మన ఆర్గ్యుమెంట్ అది కాదు. చలి ఎక్కువై తగ్గాయి, రోగాలొచ్చి తగ్గాయి, తోడేళ్ళ పాత్ర కొంచెమే అని చెప్పాలి. చార్టులు కూడా ప్రింట్ చేసిచ్చా కదా!”

“చార్టులు నీవమ్మా. నా మాట నాకుంది,” అని ఆ కాగితాలు ఆమె చేతిలోనే పెట్టేశాడు.

ఆయన వంతు రాగానే లేచి, కుండబద్దలు కొట్టినట్టు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

“తోడేళ్ళ వల్ల దుప్పులు తగ్గాయంటున్నారు. నమ్ముతున్నాను. ఐదేళ్ళలో నేను పద్నాలుగు కొట్టాను. తోడేలు చేసే పనిలో అది వీసమెత్తు కాదు. దాని కడుపు కొట్టే కాగితం మీద నేను సంతకం పెట్టను. వేట కష్టమైందా? ఇంకో మైలు నడవండి. మన ముందువాళ్ళు ట్రక్కులో కూర్చుని వేటాడలేదు.”

“నీకేం, నువ్వు మాంసం తినవు!” అన్నారెవరో వెనక నుంచి.

“అందుకే నా మాట వినండి. ఈ గదిలో దుప్పి మీద ఆశ లేనివాణ్ణి నేనొక్కణ్ణే.”

హాలంతా నవ్వింది. ముందు వరసలో ముసలి వేటగాళ్ళు నడక మాటకి తలలూపారు. చేతులెత్తించి లెక్కపెట్టారు. తీర్మానానికి పద్దెనిమిది, వద్దన్నవి ఇరవై ఒకటి.

“ముంచితివి గదన్నా,” అంటూనే కొమరయ్య ఆయన చేతిలో టీ కప్పు పెట్టాడు.

ఇంకా వెలుతురుండగానే బయల్దేరదామని హేమచంద్ర తొందరపెట్టాడు. ట్రక్కెక్కాక నిఖిలకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఏడు ప్రాణాలు నిలబడ్డాయి. రెండేళ్ళుగా నలభైమందిలో ఆమె వెతికిన మనిషి పక్కనే కూర్చుని, మళ్ళీ అదే నత్తనడకన ట్రక్కు నడుపుతున్నాడు.

“తోడేళ్ళంటే మీకింత ప్రేమని నాకు తెలీదంకుల్.”

“ప్రేమా? నేనింతవరకు తోడేలు మొహమే చూడలేదమ్మా.”

“మరి వాటి కోసం అందరితో ఎందుకు పోట్లాడారు?”

ఆయన మళ్ళీ రోడ్డు పక్క పొదల వైపు చూశాడు.

“ఆ రోజు మీ ఆంటీ కారుకు అడ్డమొచ్చింది దుప్పి.”