వెదర్‌కోట్ పార్కు దారి

పార్కు దారి మీద విచారణ మొదలయ్యేలోపు హిల్డా చేయాల్సినవి చాలానే ఉన్నాయి. హాల్లో కుర్చీలు వేయాలి. టీకి నీళ్ళు పెట్టాలి. కాలువ లాకు పక్కనున్న ఇంటి నుంచి నోరాను కార్లో తీసుకురావాలి. క్లిఫ్ నోరు కాస్త అదుపులో పెట్టాలి. వీటన్నిటికంటే ముందు కాసేపు ఎక్కడైనా కూర్చోవాలి.

కూర్చోవడం మాత్రం కుదరలేదు.

"ఆ కుర్చీ ఇటివ్వు, నడుం పట్టేస్తుంది," అన్నాడు క్లిఫ్. "ఇన్నేళ్ళూ ముందుండి నడిపించావు. ఇవాళ ఒక్కరోజు వెనక ఉండు."

"ముందే నడవడం మానేసి ఉంటే ఈ నడుం బాగుండేది," అంది హిల్డా.

వాళ్ళ నడక బృందం పెద్దదేమీ కాదు. ఏడెనిమిది మంది ముసలివాళ్ళు. పాతికేళ్ళపాటు, వానైనా మంచైనా, ప్రతి బుధవారం చర్చి వెనక బయల్దేరి, వెదర్‌కోట్ పార్కు పచ్చిక మీదుగా కాలువ గట్టు చేరి, లాకు దగ్గర నోరా ఇచ్చే టీ తాగి తిరిగి వచ్చేవారు. తమ్ముడితో ఉమ్మడిగా ఉన్న ఆ పార్కును చూసుకునే హంఫ్రీ పోయిన శీతాకాలంలో చనిపోయాడు. చలి తగ్గకముందే అతని తమ్ముడి కొడుకు గేటుకు తాళం వేశాడు. ఇప్పుడు లాకు నుంచి ఊళ్ళోకి రావాలంటే లారీలు తిరిగే రోడ్డే గతి. నోరాకు చూపు సరిగ్గా ఆనదు.

కార్లో ఆమె ఒకటే మాట అంది. "దారి ఇవ్వకపోతే ఇల్లు అమ్మేసి మా అమ్మాయి దగ్గరికి పోతానే, హిల్డా. మనిషి రాని ఇంట్లో ఎన్నాళ్ళని కూర్చోను?"

హిల్డాలో ధైర్యం చెప్పే ఓపిక కూడా మిగల్లేదు.

కౌంటీ ఆఫీసు నుంచి వచ్చిన మిస్ ఫెన్ కళ్ళజోడు సర్దుకుని, విషయం ముందే తేల్చి చెప్పింది.

"ఇరవై ఏళ్ళపాటు జనం బాహాటంగా నడిస్తే ఆ దారి జనానిది. అయితే యజమాని అడ్డుపడి ఉండకూడదు. నడవండని అనుమతి ఇచ్చి కూడా ఉండకూడదు. అనుమతిస్తే అది ఆయన మర్యాద అవుతుంది గానీ మీ హక్కు అవదు."

హంఫ్రీ తమ్ముడి కొడుకు జూలియన్ వెంటనే లేచాడు. "పార్కులో సగం మా నాన్నది. ఇద్దరి సంతకాలూ లేనిదే దారి రాసివ్వడం కుదరదు, ఆయన ఏనాడూ పెట్టలేదు. ఇక మా పెదనాన్న పెద్దమనిషి. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా 'నడవండి' అనకుండా ఉంటారా?"

హాలంతా గొల్లున నవ్వింది.

"మీ పెదనాన్న సంగతి నీకు తెలీదు బాబూ!" అన్నాడు క్లిఫ్. "నేను గుడ్ మార్నింగ్ అంటే అక్కడి గొర్రెలైనా తలెత్తేవి. ఆయన ఎత్తేవాడు కాదు."

"క్లిఫ్!" అంది హిల్డా.

"ఉన్నమాటేగా!"

మిస్ ఫెన్ హిల్డా వైపు తిరిగింది. "మీతో ఎప్పుడైనా మాట్లాడారా, మిసెస్ పెటిఫర్?"

"ఒక్కసారి కూడా లేదండి. గేటు దగ్గరే నిలబడి ఉండేవాడు. మేం కనబడగానే అటు తిరిగిపోయేవాడు. ఒక క్రిస్మస్‌కి కేకు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. 'మేం మీ పార్కులోంచి నడుస్తుంటాం, మీకేమీ ఇబ్బంది...' అంటున్నాను, మాట పూర్తికాకముందే మొహం మీద తలుపు వేసేశాడు. కేకు తెచ్చి మేమే తిన్నాం."

"పొమ్మన్నారా?"

"అదీ అనలేదు."

"ప్రైవేటు స్థలం అని బోర్డు?"

"బోర్డా?" క్లిఫ్ ఆగలేకపోయాడు. "ఆ పిసినారి మేకు కూడా కొనడు!"

నోరా తడుముకుంటూ లేచింది. "ఒకసారి గేటు దగ్గర బురదలో జారిపడ్డాను. లేవదీసి, ట్రాక్టరు మీద కూర్చోబెట్టి ఇంటి దగ్గర దింపాడు. దారి పొడవునా నోరు విప్పలేదు. కనీసం దెబ్బ తగిలిందా అని అడగలేదు. రాయి నయం."

జూలియన్ కూర్చున్నాడు. మిస్ ఫెన్ కాగితాలు సంచిలో పెట్టుకుంది.

"అడ్డు లేదు, అనుమతీ లేదు. నా నివేదిక మీవైపే ఉంటుంది."

నోరా ఏడ్చేసింది. క్లిఫ్ ఆమె వీపు మీద చరిచాడు. "ఆ ముసలాడి పొగరే మనల్ని గట్టెక్కించింది, చూశావా!"

హిల్డాకు సంతోషించే శక్తి కూడా లేదు. కప్పులు పోగుచేసి వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ హంఫ్రీ భార్య బెరిల్ స్వెటర్ చేతులు పైకి మడిచి అప్పటికే కప్పులు కడుగుతోంది. విచారణ జరిగినంతసేపూ చివరి వరసలో కూర్చున్న మనిషి.

హిల్డాకు తలకొట్టేసినట్టయింది. "ఏమీ అనుకోకు బెరిల్. పోయిన మనిషిని పట్టుకుని..."

"అబద్ధం ఏమన్నారు గనక?" బెరిల్ కిటికీలోంచి బయటికి చూసింది. మిస్ ఫెన్ కారు ఇంకా కదల్లేదు. "ఆ తువ్వాలు ఇలా ఇవ్వు."

ఇద్దరూ కప్పులు తుడిచారు. బయట కారు స్టార్టయింది.

"బుధవారం వస్తే ఆయనతో వేగలేకపోయేదాన్ని," అంది బెరిల్. "నోరా కుంటుతోంది, డాక్టరుకు చూపించుకుందో లేదో అనేవాడు. హిల్డా ఇవాళ రాలేదు, జ్వరమేమో, కనుక్కో అనేవాడు."

హిల్డా కప్పు కింద పెట్టేసింది. "ఆ మాట మమ్మల్నే అడగొచ్చుగా? ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్క పలకరింపు!"

కారు చప్పుడు మలుపు తిరిగి పూర్తిగా వినబడకుండా పోయేదాకా బెరిల్ ఆగింది.

"ఆ దారిన నడిచినప్పుడల్లా ఆయన్ని తలుచుకోండి, అది మీ హక్కు కావాలనే ఆయన పలకలేదు."