వెండాకు పొదలు

నాలుగు పొదలూ ఒక్కసారే చచ్చిపోయి ఉన్నాయి!

చంద్రిక కేక విని కేశవ గేటు దగ్గరే ఆగిపోయాడు. నైట్ షిఫ్ట్ ముగించుకుని, కంపెనీ బస్సు దిగి, ఎప్పటిలాగే చొక్కా, బూట్లు బయటే దులుపుకుంటున్నాడు. ఫ్యాక్టరీ దుమ్ము గడప దాటితే చంద్రిక ఊరుకోదు.

తోరణగల్లు ఫ్యాక్టరీ క్వార్టర్స్‌కు కాపురానికొచ్చాక ఆమె నాటిన గులాబీలు మాడాయి. మల్లెలు మాడాయి. చివరికి బెంగళూరు నర్సరీ నుంచి తెల్లటి ఆకుల ఈ వెండాకు పొదలు తెప్పించి, కేశవ డ్యూటీలో ఉండగా తనే నాటుకుంది. ఎండకు బెదరవు. నీళ్లు అడగవు. ఏళ్ల తరబడి బతుకుతాయి. రేపే కాలనీలో తోటల పోటీ. అందుకే ఇవాళ అంత పొద్దున్నే లేచింది.

"నిన్న వాలిపోతే ఎండదెబ్బ అనుకుంటి. చూడండి, వేర్లు కుళ్లిపోయినాయి. ఎవరో బకెట్లు బకెట్లు గుమ్మరించినారు!"

పొద పక్కన ఒక గుడ్డ పడి ఉంది. దాని నిండా ఆకు పసరు. అత్త సిద్దక్క పాత చీర ముక్క అది.

సిద్దక్క కంప్లి దగ్గరి ఎమ్మిగనూరు నుంచి వచ్చి నెలైంది. కాలువ కింద వరి పండించిన మనిషి. ఇంట్లో అందరికన్నా ముందు లేస్తుంది. నీళ్లు లేకుండా మొక్క బతుకుతుందంటే నవ్వేది. కోడలి కేకకు ఆమె కూడా గడపలోకి వచ్చింది.

"అత్తా, ఆకు మింద ఉండే ఆ తెలుపు, దుమ్ము కాదు. ఆ ఆకు పుట్టుకే అంత. దాన్ని రుద్ది కడిగితే యాడ బతుకుతుంది?"

కేశవ తల దించుకున్నాడు.

సిద్దక్క కొడుకు వైపు ఒక్క చూపు చూసింది. "నేనేలేమ్మా. తెలీక చేసినా."

"తెలీకనా? వచ్చినప్పట్నుంచీ నీళ్లు పొయ్యి, నీళ్లు పొయ్యి అని నా పానం తింటానే ఉండారు కదా!"

సిద్దక్క లోపలికెళ్లి సంచి సర్దుకుని వచ్చింది.

"కంప్లి బస్సు ఎప్పుడుండాదప్పా?"

ఆ గొంతులో కోపం లేదు. కేశవను కోసింది అదే.

"ఏమండీ, రాయిలాగ నిలబడుకుంటే ఎట్ల? మీ అమ్మకు ఒక మాట చెప్పేకి ఈ పొద్దు గూడా నోరు రాదా?"

కేశవ ఇంకోసారి చొక్కా దులుపుకున్నాడు.

సిద్దక్క చెప్పులు తొడుక్కుంది. గేటు మీద చెయ్యి వేసింది. కేశవ అడ్డంగా నిలబడ్డాడు. భార్య ముఖం చూడలేక, తన బూట్ల మీది బూడిదనే చూస్తూ నోరు తెరిచాడు.

"అమ్మ గాదు చంద్రికా... ఫ్యాక్టరీ బూడిద నా ఎంబడే వచ్చి నీ తోట మింద గూడా పడిందనుకోని, నువ్వు లేసి చూసేలోపల రోజూ ఆకులు రుద్ది కడిగింది నేనే."