జేబులో చెయ్యి

"పాప యాడుండాదమ్మా?"

గడపలో నిలబడిన మనిషి మొదట అడిగింది ఆ మాటే.

భువన తలుపుకు అడ్డంగా నిలబడింది. అతణ్ణి ఎన్నడూ చూసింది లేదు. యాభై దాటి ఉంటాయి. కుడిచేతిలో గుడ్డసంచి. ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"నువ్వెవరప్పా?"

"నవీన్ లేడా?"

"కర్నూలుకు పోయినాడు."

అనేశాక నాలుక కరుచుకుంది. మొగుడు ఇంట్లో లేడని తానే చెప్పేసింది.

పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు బేతంచెర్ల దాకా వచ్చారని పొద్దున్నే ఫోన్లో చూసింది. సంచులతో వస్తారట.

అతని చూపు భువనను దాటి లోపలికి పోయింది.

లోపల ఇటుకల మీద పరిచిన పాలిష్ బండే నవీన్ పనిబల్ల. దాని మీద మూత వేయని ఇనుప డబ్బా. పాతకాలపు గాజు వాల్వులతో పాటల యాంప్లిఫయర్ చేస్తున్నాడు. స్పీకరుకు బలమిచ్చే చివరి వాల్వు దగ్గరే నెలగా పని ఆగిపోయింది. "ఇంట్లో వినేదానికి రెండు వాట్లు చాలంటే ఎట్ల సార్? పది కావల్ల" అని ఫోన్లో ఎవరితోనో రోజూ వాదన.

ఏడాదిన్నర యామిని ఆ బండ పట్టుకొని, అడుగులో అడుగేస్తూ డబ్బా వైపే పోతోంది.

డబ్బాతో భయం లేదు. ప్లగ్గు పీకేసి ఉంది. భువన భయమంతా గడపలోనే ఉంది.

"అమ్మా, పాపను ఎత్తుకో."

"నా బిడ్డ, నా ఇష్టం. ముందు నువ్వు నడువు బయటికి."

"బిన్నా ఎత్తుకోమ్మా, తొందరగా!"

అంటూనే సంచి కింద పడేసి లోపలికి దూకాడు. మోచేత్తో పాపను పక్కకు తోశాడు. బండ మీది స్క్రూడ్రైవర్ అందుకొని డబ్బాలో పొడిచాడు.

ఫట్‌మని నీలంగా మెరిసింది. కమురు వాసన.

కిందపడిన పాప కెవ్వుమంది. పాపను గుండెకు కరుచుకొని భువనా కెవ్వుమంది.

పక్కింటి గిడ్డమ్మ చీపురుతో వచ్చింది. ఎదురింటి పెద్ద ఈరన్న వచ్చి కాలరు పట్టాడు.

"ఏమప్పా, ఆడమనిషి ఒక్కతే ఉంటే జొరబడతావా? చెయ్యి తియ్యి జేబులోంచి!"

అతనికి ఆ మాట వినపడినట్టు లేదు. పాపనే చూస్తున్నాడు. "ఏం కాలేదు కదా?"

"తోసేదీ నువ్వే, అడిగేదీ నువ్వే!" అంది భువన.

"సంచిలో నాటుబాంబులు గిన ఉండాయేమో! ముట్టుకోవాకండి!" గిడ్డమ్మ అరిచింది.

"బాంబయితే నీళ్ళే మందు." ఈరన్న బక్కెట ఎత్తి సంచి మీద కుమ్మరించాడు.

"అయ్యో, తడపాకండప్పా!"

"చూసినారా, బాంబే! లేకుంటే ఈయప్పకు అంత నొప్పి ఎందుకు?"

బయటికి తోస్తే అతని చెప్పు ఒకటి ఊడింది. దాని కోసం కూడా వంగలేదు. వీధి మలుపులో ఒక్కసారి ఆగాడు.

"ఆ డబ్బా పైన పెట్టమ్మా" అని, ఒంటి చెప్పుతో రైల్వే స్టేషన్ వైపు నడిచాడు.

సాయంత్రం నవీన్ వచ్చాడు. విన్నాడు. నవ్వబోయి డబ్బాలోకి చూశాడు. కండెన్సర్ మొన మీద నల్లటి మచ్చ.

"దీంట్లో కరెంటు నిలిచిపోయింది," అన్నాడు.

"ప్లగ్గు పీకే పోయినావు కదా. దాంట్లో కరెంటు యాడిది?" అంది భువన.

నవీన్ జేబులోంచి ఒక వాల్వు తీశాడు. "చివరి వాల్వు. అంగట్లో చూపిద్దామని నేనే పీక్కపోయినా. ఇది లేకుంటే కండెన్సర్‌లో నిలిచిన కరెంటు దిగేదానికి దారి లేదు. మూడు నూర్ల వోల్టులు. పాప చెయ్యి గిన పెట్టింటే..."

భువన పాపను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"ఆయన ఎడమచెయ్యి జేబులోంచి తియ్యనే లేదా?"

"ఈరన్న మామ కాలరు పట్టినా తియ్యలా."

"ఈ పని చేసేవాళ్ళకు అది అలవాటు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండెలోంచి పోతాది. వాల్వు లేని ఖాళీ చూసే సంగతి కనిపెట్టింటాడు."

తడిసిన సంచి విప్పాడు. టవల్లో చుట్టిన చిన్న వాల్వు, చేత్తో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్. నీళ్ళు కారుతున్నాయి.

"రెండు వాట్లది. తక్కువ వోల్టులతో నడుస్తాది. ఓబులేష్ సార్ చుట్టినాడు. ఆయనది మైదుకూరు. నాకు ఫోన్లో పని నేర్పిస్తాండేది ఆయనే. నేనూ మొగం చూసిందే లేదు. పాప నడుస్తాంది సార్ అని నిన్న చెప్పినా. అంతే, పొద్దున్నే బయల్దేరినట్టుండాడు."

నవీన్ ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

"ఎప్పుడు చేసినా మొదట అదే అడుగుతాడు. పాప యాడుండాది అని."

"పరాయి బిడ్డ మీద అంత ధ్యాస ఎందుకు? ఆయనకు పిల్లలు లేరా?"

నవీన్ తడి ట్రాన్స్‌ఫార్మర్‌ను చొక్కా అంచుతో తుడిచాడు.

"ఒక పాప ఉండె," అన్నాడు. "ఆ పాప ముట్టుకున్నదీ ప్లగ్గు పీకేసిన డబ్బానే."