ఢీకొనక ముందే

గురుత్వాకర్షణకు తను రాసుకున్న కొత్త సిద్ధాంతంలో రెండు కణాలు ఢీకొనక ముందే చెదిరిపోతున్నాయి. లెక్క తప్పిందేమోనని పరిశోధకురాలు బోర్డు తుడిచి మళ్లీ చేసింది. అదే జవాబు. కారణం కంటే ముందే ఫలితం వచ్చి కూర్చుంటోంది.

"నా మొహంలా ఉంది" అని విసుక్కుని, లైటు ఆర్పి, తలుపు పిడి మీద చెయ్యి వేసింది. ఫోన్ మోగింది. కింద కారులో తన కోసం చూస్తున్న తమ్ముడు.

"అక్కా, ఎందుకంత కేక పెట్టావ్?"

"నేనెక్కడ అరిచానురా?"

"నీ గొంతు నాకు తెలీదా? తలుపు తెరుచుకున్న చప్పుడు కూడా వినబడింది. ఉండు, పైకొస్తున్నా."

"వద్దురా" అనేలోపే పెట్టేశాడు.

తలుపు తెరుచుకోకుండా ఆమె పిడిని రెండు చేతులా బిగించి పట్టుకుంది. మెట్లెక్కిన బూట్ల చప్పుడు బయట ఆగింది. కేక రాకుండా నోరు మూసుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.