చీకటి అడిగిన మనిషి

కాఫీ తాగి లేచిన చుట్టాలావిడ గడప దాటుతూ ఒక్క మాట అనిపోయింది.

"కొత్తిల్లు బాగుండాది హేమావతీ. అయినా దీపాలంటే మంజుశ్రీ ఇంట్లోనే చూడల్ల."

ఆ మాట హేమావతికి అన్నంలో రాయిలా తగిలింది.

మంజుశ్రీ ఆమె తోడికోడలు. మండికల్‌లోనే రెండు వీధుల అవతల ఉంటుంది. ఆ ఇంటి హాల్లో పసుపు వెలుగు గోడల మీద వెన్న పూసినట్టుంటుంది.

ఆ వారమే హేమావతి భర్త నాగరాజ్‌ను వెంటబెట్టుకుని చిక్కబళ్ళాపురంలో దీపాల అంగడికి పోయింది.

"ఈ గుండ్రటిది హాలుకు బాగుంటుందమ్మా. వెలుగు మెత్తగా ఉంటాది," అన్నాడు అంగడాయన.

"మెత్తటిది మా తోడికోడలింట్లో ఉండాది. నాకు దూరానికి కనబడేది కావల్ల."

"మనది ఇల్లా, రైల్వే స్టేషనా?" అన్నాడు నాగరాజ్.

ఆమె చూసిన చూపుకు ఆయన తల తిప్పుకుని ఫ్యాన్ల వైపు చూశాడు.

హాలుకు గాజుపూసలు వేలాడే జూమరు, మెట్లకు స్ట్రిప్ లైట్లు, మేడ మీద రెండు ఫోకస్ లైట్లు. శ్రావణంలో అవన్నీ వెలిగాక బస్సులో పోయేవాళ్ళు కూడా తల తిప్పి చూశారు. తెల్లారేదాకా హేమావతి వాటిని ఆర్పనిచ్చేది కాదు. మంజుశ్రీ ఎప్పుడు మేడెక్కినా అవి కనబడాలి.

ఒకనాటి పొద్దున ఆమె ముగ్గు వేస్తుంటే గేటు దగ్గర ఎవరో దగ్గారు.

నడివయసు మనిషి. కాళ్ళకు బురద.

"నా పేరు పాపన్నమ్మా. మాది పక్కూరు. మీ ఇంటి పక్క మడి గుత్తకు చేస్తాండా. సామంతి పెట్టినాను."

"అయితే?"

"మేడ మీది దీపాలు ఆ పక్కకు తిప్పుకుంటారేమోనని అడగను వస్తిని. రాత్రంతా వెలుగుంటే సామంతి మొగ్గ ఇడవదమ్మా. దానికి చీకటి కావల్ల."

హేమావతి ముగ్గుబుట్ట కింద పెట్టింది. దీపం కావాలని అడిగేవాళ్ళు ఉంటారు గానీ, చీకటి కావాలని అడిగేవాళ్ళుంటారా?

"మంజుశ్రీ పంపించిందా నిన్ను?"

"ఆయమ్మ ఎవురో నాకు తెలీదమ్మా."

"యాడా దొరకని చీకటి మా ఇంట్లోనే దొరుకుతాదా? నా ఇల్లు చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాళ్ళు ఊరినిండా ఉండారు. పో అప్పా, పో."

"దసరాకు పూలు కావల్లమ్మా. అందుకే అడిగినా."

"నువ్వు సంతలో పూలమ్ముకునేదానికి నేను ఇల్లు చీకటి చేసుకోవల్లా?"

అతడు నమస్కారం పెట్టి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

దసరా వచ్చింది.

చౌడేశ్వరమ్మ గుడిలో దసరా పూజలు రోజుకొక ఇంటివాళ్ళు చేయిస్తారు. నిరుడు శుక్రవారం వంతు మంజుశ్రీది. అమ్మవారు నిండా చామంతుల మంటపంలో కూర్చుందని ఊరు ఏడాదిగా చెప్పుకుంటూనే ఉంది.

ఈ ఏడు ఆ శుక్రవారాన్ని హేమావతి పట్టుబట్టి తీసుకుంది. గుడికి వరసగా ట్యూబులైట్లు కూడా ఇచ్చింది. ప్రతి దాని మీదా ఆమె పేరుంది. పేరు ఉన్నంత మేరా వెలుగు రాదు.

పొద్దున్నే పూజకు వెళ్ళేసరికి అమ్మవారి చుట్టూ వెదురు మంటపం బోసిగా ఉంది.

"పూలేవి అయ్యవారూ?"

"రాలేదమ్మా."

"మంజుశ్రీకి వచ్చినాయి. నాకెందుకు రావు?"

పక్కన పసుపు కలుపుతున్న మంజుశ్రీ తలెత్తింది. "నేను తెప్పించినవి కావక్కా. అయ్యవారు తెప్పించినారనుకుంటిని."

"నేనూ కాదు," అన్నాడు పూజారి. "ఏటా ఈ శుక్రవారం గుడి తలుపు తీసేసరికి గడపలో పూలబుట్టలుంటాయి. ఎవరు పెడతాండారో తెలీదు. పేరు వద్దనుకునే మనిషిని వెతికేదెందుకని మేమూ ఊరికే ఉంటిమి."

హేమావతి నమ్మలేదు. పేరు లేకుండా ఎవరిస్తారు?

అప్పుడు గడప బయట ఎవరో బుట్ట దించారు. అడుగున గుప్పెడు పూలు, మిగతాదంతా పచ్చటి ఆకు.

"ఏటా పెట్టేది నేనే స్వామీ. ఈ ఏడు ఇంతే దొరికినాయి. చెప్పకుండా పెట్టిపోతే తల్లికి తక్కువ చేసినట్లుంటాదని చెప్పను వస్తిని."

హేమావతి తల తిప్పింది. పాపన్న.

"అయ్యో, పంటకు ఏమాయెనప్పా?" అన్నాడు పూజారి.

ఇన్నేళ్ళూ తన పేరు దాచుకున్న ఆ మనిషి హేమావతి వైపు ఒక్కసారి చూసి, "ఈ ఏడు నాకు ప్రాప్తం లేదు స్వామీ," అని ఆమె పేరు కూడా దాచేశాడు.