రిజర్వులో పడ్డ బండి

చెంప మీద పడిన దెబ్బకు కళావతి తూలి నల్లా దగ్గరి బిందె మీద పడింది. బిందె దొర్లి నీళ్లన్నీ వాకిట్లో పారాయి.

“మొన్ననే టాంకీ నిండ పోయిస్తిని. మల్లా రిజర్వుల పడ్డది. ఎవనికి పోసినవే పెట్రోలు?”

మొగులయ్య అరుపుకి వాకిలి చుట్టూ ఉన్న వాటాల తలుపులన్నీ తెరుచుకున్నాయి.

“బండి మీద చెయ్యి సుత వెయ్యలే. ఒట్టు!”

“మరి మీది అర్రల రాజన్న మోపెడ్ నీళ్లు తాగి ఉరుకుతున్నదా?”

జుట్టు పట్టి లేపి ఈసారి పిడికిలితో గుద్దాడు. పెదవి చిట్లింది. పైన రాజన్న పెళ్లాం కిటికీ ధడాలున మూసుకుంది.

“సంపుతవా ఏంది మొగులయ్యా, ఇడ్సిపెట్టు,” అంది ఇంటి ఓనరు కాశమ్మ, గుమ్మం దిగకుండానే.

“ఊకెనే కొడ్తడా మొగడు?” అంది పక్క వాటా చంద్రమ్మ, అందరికీ వినపడేట్టు.

పిడికిలి కన్నా ఆ మాటే కళావతికి గట్టిగా తగిలింది.

“భిక్షపతి తానికి నడువు. టాంకీ ఇప్పిపిస్త. ఎంత తీసినవో తేలినంక నిన్ను ఈ ఇంట్ల ఉంచుడా, ఎల్లగొట్టుడా సూస్త.”

ఉన్న కాస్త పెట్రోలూ ఖర్చు కాకూడదని మొగులయ్య బండి స్టార్టు చేయలేదు. అతను హాండిలు పట్టుకుంటే, కొంగుతో పెదవి అదుముకుని వెనక నుంచి ఆమే తోసింది, ఛత్రినాక బజారు పొడుగునా.

మెకానిక్ భిక్షపతి టాంకీ అడుగున పెట్రోలు వదిలే కాక్ విప్పి కింద తొట్టి పెట్టాడు. పెట్రోలు ధారగా పడింది. పడుతూనే ఉంది. తొట్టి నిండి పొర్లబోతే ఇంకో డబ్బా తెచ్చి పెట్టాడు.

“గల్తీ నాదే అన్నా,” అన్నాడు తల గోక్కుంటూ. “మొన్న కాక్ కారుతున్నదంటే మార్చిన గదా, నీ బండిది దొరకలే. వేరే బండిది బిగిచ్చిన. దీని లోపలి గొట్టం పొడుగు, పెట్రోలు జర దిగంగనే దాని మూతికి అందదు. సగం టాంకీ ఉండంగనే రిజర్వుల పడ్తది. పెట్రోలు ఎవ్వలు తియ్యలే.”

మొగులయ్య కిందున్న పానా తీసి భిక్షపతి భుజం మీద ఒక్కటి వేశాడు. “నా ఇజ్జత్ తీస్తివి గదరా!”

భిక్షపతి మూలుగుతూనే గొట్టం కోసి, కాక్ బిగించి, పెట్రోలు తిరిగి పోశాడు.

“ఈ మాట వాకిట్ల నిలబడి చెప్పు,” అంది కళావతి.

“ఏం మాట?”

“నేను ఎవ్వనికి పెట్రోలు పొయ్యలేదని.”

“పిచ్చి లేసిందా? మొగడు కొట్టిండు, అయిపాయె. టాంకీల తలకాయ పెట్టి సూస్తరా వాండ్లు? ఎక్కు!”

ఇంటికి రాగానే మొగులయ్య సబ్బుతో చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయాడు. గుమ్మాల్లో మళ్లీ తలలు మొలిచాయి.

“తేలిందా కళావతీ, రాజన్న ముచ్చట?” అని చంద్రమ్మ నవ్వింది.

కళావతి స్టాండు తీసి బండిని వాకిలి నడిమికి తోసింది. టాంకీ మూత తీసి పక్కన పెట్టింది. వంటింట్లోకి పోయి, కిరసనాయిలులో ముంచిన గుడ్డను కట్టెకు చుట్టి, వెలిగించి తెచ్చింది.

“దూరం జరుగున్రి,” అని, గుమ్మంలో నుంచే విసిరింది.

మంట పై వాటా పిట్టగోడ దాకా లేచింది. చంద్రమ్మ కెవ్వుమంటూ లోపలికి పరిగెత్తింది. చేతుల నిండా సబ్బు నురగతో మొగులయ్య ఉరికొచ్చి, ఆమె వెనకే ఆగిపోయాడు.

కళావతి చిట్లిన పెదవి తుడుచుకుని, అన్ని గుమ్మాలకూ వినపడేట్టు అడిగింది:

“సూసి చెప్పున్రి, టాంకీల పెట్రోలు ఉన్నదా, లేదా?”